పరదేశం పంపే బిడ్డ – రిజిస్టరులో తండ్రి పేరు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం మాస్టరును. ఇరవై యేళ్ళకు పైగా అలిఫ్, బే నేర్పిస్తున్నవాణ్ణి. తెలుగులో మాట్లాడమని సెక్రటరీగారు ఆజ్ఞాపించినారు. కారణం మీకు తెలిసిందే. ఈ సావనీరు పోయే ఇళ్ళలో సగంమంది పిల్లలకు ఇప్పుడు ఉర్దూ చదవటం రాదు. ఆ లోపంలో నాబోటివాళ్ళ వాటా ఎంతో ఇంకొకనాడు మాట్లాడుకుందాం. నా తెలుగులో ఒత్తులు తప్పితే పండితులు మన్నించగలరు.

ఈ రోజు నేను ఎత్తుకున్న విషయం, ఒక దేశంలో పుట్టిన బిడ్డను మరొక దేశంలో వున్నవారు పెంచుకోవటం. ఇది మనకెందుకని కొందరు అనుకోవచ్చు. మన పేటలో గల్ఫుకో అమెరికాకో మనిషి పోని ఇల్లు ఎన్ని వున్నవో చెప్పండి. అక్కడ సంతానం లేని తమ్ముడు, ఇక్కడ నలుగురు బిడ్డల తల్లి. సెలవులకు వచ్చినప్పుడు చంటిదాన్ని ఎత్తుకొని, "దీన్ని నాకిచ్చెయ్యి ఆపా" అంటాడు. అందరూ నవ్వుతారు. కొన్నిచోట్ల ఆ నవ్వు నిజమైపోతుంది. సొసైటీ ఆఫీసుకు ఇటువంటి ప్రశ్నతో వచ్చేవాళ్ళు నా దగ్గరికే వస్తారు, మాస్టరు కాగితాలు బాగా రాస్తాడని. ఒకప్పుడు ఆ మాటకు పొంగిపోయేవాణ్ణి.

మా ఖాలా కూతురు, నాకు చెల్లెలు వరస. దాని తమ్ముడు చికాగోలో వున్నాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా బిడ్డలు లేరు. 2009లో చెల్లెలికి నాలుగో ఆడపిల్ల పుట్టింది. ఆ యేడు తమ్ముడు, మరదలు వచ్చినప్పుడు బిడ్డకు నలభై రోజులు. మరదలు బిడ్డను ఒళ్ళో పెట్టుకొని మూడు రోజులు దించలేదు. ఇంటి పెద్దలు కూర్చున్నారు. బావకు సైకిలు, టైర్ల దుకాణం. దివాళా తీసినవాడు కాదు, కలిగినవాడూ కాదు. బిడ్డ తమ్ముడిదేనన్నారు. వంద రూపాయల స్టాంపు కాగితం తెచ్చి నా ముందు పెట్టినారు. "ఫలానా బాలికను ఈ తేదీ నుండి దత్తత ఇచ్చినాము, మాకు ఎటువంటి హక్కు లేదు" అని రాసింది ఈ చెయ్యి. నోటరీ ముద్ర కూడా పడింది. నాకు అప్పటికి ముప్పై దాటలేదు. ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు మూడూ రాయగలననే గర్వం ఒకటి వుండేది.

ఆ కాగితం విలువ ఏమిటో కొంచెం ఓపికతో వినండి.

మన దేశంలో 1956 నాటి దత్తత చట్టం హిందువులకు. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా అందులోకే వస్తారు. మనకు వర్తించదు. ముస్లిములకు వున్న పాత దారి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. కోర్టుకు పోయి సంరక్షకుడుగా ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. బిడ్డకు పద్దెనిమిది నిండితే ఆ సంరక్షణ ముగుస్తుంది. తల్లిదండ్రులు తల్లిదండ్రులుగానే వుంటారు. తరవాత జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది. అనాథను, వదిలివేయబడిన బిడ్డను, కన్నవారు ప్రభుత్వ సమితి ముందు అప్పగించిన బిడ్డను ఏ మతంవారైనా దత్తత తీసుకోవచ్చునన్నది. 2014లో సుప్రీంకోర్టు షబ్నమ్ హాష్మీ కేసులో తేల్చిన మాట కూడా అదే. ఇష్టమున్న ముస్లిం ఈ చట్టం కింద తీసుకోవచ్చు, షరీయత్ ప్రకారం వద్దనుకున్నవారిని ఎవరూ బలవంతం చెయ్యరు. 2015 చట్టంలో మరొకటి చేరింది. చిన్నాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, తాత, అవ్వ వంటి దగ్గరి బంధువులు విదేశంలో వుంటే, ఇక్కడి బంధువుల బిడ్డను తీసుకోవటానికి ఒక పద్ధతి. ఉత్తర్వు కావాలి – మొదట కోర్టు ఇచ్చేది, 2021 సవరణ తరవాత జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, ఇస్తున్నారు. దానితోపాటు ఢిల్లీలో వున్న కారా అనే కేంద్ర సంస్థ నుండి అభ్యంతరం లేదనే పత్రం కావాలి. మనవాళ్ళు బిడ్డను దత్తతగా దేశం దాటించాలంటే ఈ చట్టం తప్ప మరొక దారి లేదు.

ఇందులో స్టాంపు కాగితం ఎక్కడా లేదు. నేను రాసినదాని విలువ ఆ వంద రూపాయలే.

ఇక షరీయత్ మాట. నేను ఆలిమ్ ను కాను. మౌలానా సాహెబులు వేదిక మీద వున్నారు, తప్పయితే సరిదిద్దుతారు. మన దీనులో యతీముకు వున్న స్థానం చెప్పనక్కరలేదు. హుజూర్ (స) స్వయంగా యతీము. తండ్రిని చూడలేదు, ఆరేళ్ళకు తల్లి పోయింది. తాత, ఆయన తరవాత పెదతండ్రి అబూ తాలిబ్ పెంచినారు. యతీమును సాకినవాడు స్వర్గంలో తన పక్కన రెండు వేళ్ళంత దగ్గరగా వుంటాడని ఆయన సెలవిచ్చినారు. కాబట్టి పరాయి బిడ్డను పెంచటం ఇస్లాంలో లేదని ఎవరైనా అంటే ఆ మాట తప్పు. లేనిది ఏమిటంటే, బిడ్డ నసబ్ మార్చటం.

జైద్ బిన్ హారిసా సంగతి మన పిల్లలకు దీనియాత్ క్లాసులో చెప్తాము, పెద్దలే మరచిపోతారు. చిన్నతనంలో దొంగల పాలై బానిసగా అమ్ముడుపోయిన బిడ్డ. చివరికి హజ్రత్ ఖదీజా ఇంటికి, ఆమె ద్వారా హుజూర్ దగ్గరికి చేరినాడు. కన్నతండ్రి హారిసా వెదుక్కుంటూ మక్కాకు వచ్చినాడు. పోవటమా వుండటమా అన్నది జైద్ ఇష్టానికే వదిలినారు. జైద్ వుంటానన్నాడు. అప్పటినుండి జనం అతన్ని జైద్ బిన్ ముహమ్మద్ అని పిలిచేవారు. తరవాత సూరా అహ్జాబ్ లో ఆయత్ దిగింది, పెంపుడు బిడ్డలను వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవమని. అంతటి ప్రేమ వున్న చోట కూడా పేరు మళ్ళీ జైద్ బిన్ హారిసా అయింది. ప్రేమ తగ్గలేదు. తండ్రి పేరు మాత్రం తండ్రిది.

దీన్నే కఫాలత్ అంటారు. తిండి, బట్ట, చదువు, పెళ్ళి – అన్ని బాధ్యతలూ ఎత్తుకోవచ్చు. వారసత్వం దానంతట అది రాదు. బతికుండగానే హిబా చెయ్యవచ్చు, మూడో వంతు మించకుండా వసీయత్ రాయవచ్చు. పరదా సంగతి కూడా వున్నది. మేనమామకు మేనకోడలు ఎలాగూ మహ్రమే. బొత్తిగా పరాయి బిడ్డ అయితే, రెండేళ్ళ లోపు పెంచే తల్లిగాని ఆమె అక్కచెల్లెలుగాని పాలిస్తే పాల సంబంధం ఏర్పడుతుంది. దీని వివరం ఆలిములను అడగండి. ఐక్యరాజ్యసమితి వారు 1989లో చేసిన బాలల హక్కుల ఒప్పందంలో, తల్లిదండ్రుల నీడ లేని బిడ్డను చూసుకునే పద్ధతులలో ఒకటిగా కఫాలాను పేరుతో సహా రాసినారు. మన మాట అంత దూరం పోయిందని తెలిసినప్పుడు నాకు సంతోషమయింది.

చిక్కు ఎక్కడంటే, చాలా పాశ్చాత్య దేశాలకు కఫాలత్ అర్థం కాదు. పూర్తి దత్తత అయితేనే వీసా అంటాయి. ఇక్కడి దత్తత ఉత్తర్వు వస్తే బిడ్డ చట్టప్రకారం కొత్త తల్లిదండ్రుల బిడ్డ అయిపోతుంది, కన్నవారితో చట్టబంధం తెగుతుంది. సంరక్షణ ఉత్తర్వు తెస్తే షరీయత్ కు దగ్గర, కాని ఎంబసీ కిటికీ దగ్గర అది చెల్లదు. ఈ రెంటి నడుమ మనవాళ్ళు ఏం చేస్తున్నారు? మూడో దారి తొక్కుతున్నారు. అబద్ధం రాస్తున్నారు. నేనూ రాసినాను.

2014 జూన్ లో ఆ పిల్లను మా బడిలో ఒకటో తరగతిలో చేర్చినారు. అడ్మిషన్ రిజిస్టరు నా చేతిలో వున్నది. తండ్రి పేరు గడి దగ్గర కలం ఆగింది. "భాయీజాన్, తమ్ముడి పేరే రాయండి, రేపు వీసాకు సులువవుతుంది" అన్నది చెల్లెలు. మున్సిపాలిటీ సర్టిఫికెట్ ఏదీ అని అడిగితే తరవాత తెస్తామన్నారు. సరేనన్నాను. హెడ్మాస్టరుగారు నా మీద నమ్మకంతో సంతకం చేసినారు. ఆ రోజు రాసిన పేర్లలో అది ఒకటి, అంతే. సూరా అహ్జాబ్ పిల్లలకు చెప్పేవాణ్ణే. ఆ గడి ముందు గుర్తుకు రాలేదు.

ఇటువంటి అబద్ధపు కాగితం ఒక ఇంటిలో జరిగితే చిన్న తప్పులాగ కనిపిస్తుంది. దేశాలకు దేశాలే చేసినప్పుడు ఏమయిందో చూడండి. కొరియా యుద్ధం తరవాత, 1955లో, అమెరికాలో ఆరెగన్ కు చెందిన హోల్ట్ దంపతులు ఎనిమిదిమంది కొరియా పిల్లలను తెచ్చుకొని పెంచుకున్నారు. మంచి మనసుతో చేసిన పనే. దాని వెనుక ఒక పెద్ద ఏర్పాటు పెరిగింది. దక్షిణ కొరియా నుండి రెండు లక్షలదాకా పిల్లలు పరదేశాలకు పోయినారని అంచనా. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి తల్లులను వెదుక్కుంటూ తిరిగి వచ్చినారు. కాగితాలు తెరిస్తే, తల్లి బతికి వున్న బిడ్డను అనాథ అని రాసినవి, ఒక బిడ్డ పేరు మీద మరొక బిడ్డను పంపినవి బయటపడ్డవి. 2025 మార్చిలో ఆ దేశపు సత్యశోధన సంఘమే ఇది తమ ప్రభుత్వ తప్పు అని చెప్పింది. చైనా నుండి 1990ల తరవాత లక్షన్నరకు పైగా పిల్లలు పోయినారు. 2024లో ఆ దేశం రక్తసంబంధీకులకు తప్ప విదేశీ దత్తత ఇవ్వమని మూసివేసింది.

మనకేమీ సంబంధం లేదనుకోకండి. మన దేశంలో 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే వకీలు సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసినాడు, విదేశీ దత్తతల పేరుతో జరిగే అక్రమాల గురించి. దాన్నే పిటిషన్ గా తీసుకొని 1984లో జస్టిస్ భగవతి తీర్పు చెప్పినారు. బిడ్డకు మొదట స్వదేశంలో ఇల్లు వెదకాలి, దొరకనప్పుడే బయటికి. ఆనాడు విదేశీయులు బిడ్డలను తీసుకుపోయింది కూడా మనం చెప్పుకున్న 1890 చట్టం కిందనే – ఇక్కడ సంరక్షకుడుగా ఉత్తర్వు, అక్కడికి పోయిన తరవాత దత్తత. 1990లో కారా వచ్చింది. 1993లో హేగ్ నగరంలో దేశాల మధ్య ఒప్పందం కుదిరితే, 2003లో మన దేశం అందులో చేరింది.

ఆ తీర్పు వచ్చిన పదిహేనేళ్ళకు, మన హైదరాబాదులోనే, 1999లో ఒకసారి, 2001లో మరొకసారి గొడవ బయటపడింది. నల్లగొండ వైపు తండాల నుండి లంబాడీ ఆడబిడ్డలను దళారులు కొన్ని వందలకో వేలకో తెచ్చి, విదేశాలకు పంపే హోములకు చేర్చినారు. తల్లుల వేలిముద్రలు తెల్లకాగితం లాంటివాటిమీద. పేదరికం, ఆడపిల్ల అన్న భయం, రెండూ కలిసినవి. 2001లో రాష్ట్ర ప్రభుత్వం కన్నవారే బిడ్డను వదులుకొని దత్తతకిచ్చే పద్ధతిని నిలిపివేసింది. ఆ తల్లులను అనటం తేలిక. మా ఇంట్లో నాలుగో ఆడపిల్లనే ఎందుకు ఇచ్చినారు? మగపిల్లవాడైతే ఇచ్చేవారా? ఈ ప్రశ్న నేను చెల్లెల్ని అడగలేదు. మీరు మీ ఇళ్ళలో అడుక్కోండి.

2017లో ఆ పిల్లకు పాస్ పోర్టు కావలసివచ్చింది. బడి రికార్డులో తండ్రి ఒకరు, మున్సిపాలిటీ రికార్డులో తండ్రి మరొకరు. దరఖాస్తు ఆగింది. పోలీసు విచారణ వచ్చింది, బావను రెండుసార్లు పిలిపించినారు. సొంత బిడ్డకు తండ్రినని ఆ మనిషి స్టేషనులో నిలబడి చెప్పుకోవలసివచ్చింది. అప్పుడుగాని హైదరాబాదులో ఒక వకీలును అడగాలని మాకు తోచలేదు. ఆయన రెండు మాటలలో తేల్చేసినాడు. ఇక్కడ బంధువుల దత్తతకు దారి 2016 నుండి వున్నది. కాని అమెరికా చట్టం మరొకటి అడుగుతుంది. కన్న తల్లిదండ్రులు ఇద్దరూ బతికివుంటే, వాళ్ళు ఆ బిడ్డను సరిగా సాకలేని స్థితిలో వున్నారని రుజువు కావాలి. అమెరికాలో బిడ్డకు మంచి చదువు వస్తుందన్నది కారణం కిందకు రాదు. బిడ్డకు పదహారు నిండకముందే దరఖాస్తు పడాలి. మీ బావ దుకాణం నడుస్తున్నది కదా అని అడిగినాడు వకీలు. నడుస్తున్నది. అయితే సాకలేడని ప్రమాణపత్రం రాస్తారా అన్నాడు. బావ లేచి బయటికి పోయినాడు.

ఇది కొందరికి కఠినంగా తోస్తుంది. నాకు మొదట అట్లాగే తోచింది. ఇప్పుడు తోచటం లేదు. దత్తత అనేది ఇల్లు లేని బిడ్డకు ఇల్లు వెదకటానికి. సంతానం లేనివారి దుఃఖం నిజమైనదే, మరదలి దుఃఖం నేను కళ్ళారా చూసినాను. అయినా ఆ దుఃఖం తీర్చటానికి బిడ్డ మందు కాదు. ఇక్కడ ఒక మాట అదనంగా: మనవాళ్ళే పరదేశపు యతీమును ఇక్కడికి తెచ్చుకోవాలనుకున్నా ఇటువంటి నిబంధనలే. ఆ దేశపు అనుమతి, కారా పత్రాలు, తరవాత బిడ్డ పౌరసత్వం సంగతి. జాలిపడి విమానం ఎక్కించుకొని రావటం కుదరదు.

సరైన పద్ధతి ఎట్లా వుంటుందో చూపటానికి మన పొరుగు నుండి ఒక ఉదాహరణ చెప్తాను. మాటలు రాని, వినపడని మన దేశపు చిన్నపిల్ల ఒకతె సంఝౌతా ఎక్స్ ప్రెస్ లో కూర్చొని లాహోరు చేరింది. కరాచీలో ఈదీ ఫౌండేషన్ వారు, బిల్కిస్ ఈదీగారు, పదేళ్ళకు పైగా పెంచినారు. మొదట ఫాతిమా అని పిలిచినారు. ఆ పిల్ల హిందువని తెలిసిన తరవాత పేరు గీత అని మార్చి, పూజ చేసుకోవటానికి చోటు ఏర్పాటు చేసినారు. ఆ పిల్లను తమ బిడ్డగా రాయించుకోలేదు. 2015 అక్టోబరులో బిల్కిస్ గారే వెంట వచ్చి ఢిల్లీలో దించి వెళ్ళినారు. ఆ తరవాత తల్లి కోసం వెదుకులాట మహారాష్ట్రలో, మన బాసర వైపు కూడా సాగింది. 2021లో మహారాష్ట్రలో తల్లి దొరికిందని వార్త వచ్చింది. బిల్కిస్ గారు 2022లో కాలం చేసినారు. ఆమె చేసినది కఫాలత్. పరదేశపు బిడ్డ, పరమతపు బిడ్డ. ఆమె పేరును, ఆమె దేశాన్ని, ఆమె తల్లిని ఆమె కోసమే కాపాడి వుంచినారు.

మా పిల్ల సంగతి ముగించి కూర్చుంటాను. ఊహ తెలిసినప్పటినుండి దానికి "నువ్వు అమెరికా పోతావు" అని చెప్పినారు. అక్కలు దాన్ని కొట్టేవారు కారు, పోయే పిల్ల కదా అని. దానికి ఇంట్లో ఒక బీరువా అర విడిగా వుండేది, అందులో చికాగో నుండి వచ్చిన గౌన్లు. చలికోటు ఒకటి వున్నది; మన ఎండలకు దాన్ని ఒక్కసారి కూడా తొడగలేదు. దాని కొలత దాటిపోయింది. వీసా రాదని తేలిన తరవాత ఎవరూ ఆ పిల్లకు కూర్చోబెట్టి చెప్పలేదు. ఏడో తరగతిలో స్కాలర్ షిప్ ఫారం నింపేటప్పుడు రిజిస్టరు చూసింది. మధ్యాహ్నం బెల్లులో నా దగ్గరికి వచ్చి, "మామూ, అబ్బా పేరు ఉండే చోట అమెరికా మామూ పేరు ఎవరు రాసినారు?" అని అడిగింది. అక్షరం చూస్తే తెలుస్తుంది కదా, నల్లబోర్డు మీద రోజూ చూసే అక్షరమే. నేను రాసినానన్నాను. ఎందుకని అడగలేదు. "మరి అబ్బా ఏమయినట్టు?" అన్నది.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరుగారికి నా తప్పు రాతపూర్వకంగా ఇచ్చినాను. మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. రావలసినదే. మున్సిపాలిటీ సర్టిఫికెట్, బావ అఫిడవిట్, పై అధికారుల ఉత్తర్వు, అన్నీ వచ్చేసరికి ఏడాది పట్టింది. పాత పేరు మీద ఎర్రసిరా గీత కొట్టి, పైన అసలు పేరు రాసి, ఉత్తర్వు నంబరు వేసి హెడ్మాస్టరుగారు సంతకం చేసినారు.

చికాగో తమ్ముడు ఇప్పుడు నలుగురు పిల్లల చదువుకూ డబ్బు పంపుతున్నాడు, ఒక్కదానికే కాదు. నాలుగో పిల్ల పేర రెండు సెంట్ల జాగా హిబా చేసినాడు. మరదలు ఆదివారం ఆదివారం ఫోనులో మాట్లాడుతుంది. మొదట్లో పిల్ల ఫోను దగ్గరికి పోయేది కాదు. ఇప్పుడు పోతుంది, కాసేపు.

2024 డిసెంబరులో పదో తరగతి నామినల్ రోల్సు తయారవుతున్నప్పుడు, పిల్లలందరినీ పిలిచి వివరాలు సరిచూసుకోమన్నాము. మిగతా పిల్లలు తమ పేరు, పుట్టిన తేదీ చూసుకొని పోయినారు. అది మాత్రం తండ్రి పేరు గడి మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం చదివి, నా వైపు చూడకుండానే "సరిగ్గా వుంది సార్" అన్నది. అంతవరకు నన్ను మామూ అని పిలిచే పిల్ల.